తాతగారి కత్తితో గడ్డం గీసుకోవడం ఎలా నేర్చుకోవాలి?

గుణుపురంలో తాతగారి ఇంట్లో, రేకుపెట్టె అడుగున, మీకు ఒక మడత కత్తి దొరికింది. అలుగు (కోసే ఉక్కు భాగం) మీద సోలింగెన్ అనే ముద్ర ఉంది, పిడి నల్లటి కొమ్ముతో చేసినది. దానితో గడ్డం గీసుకోవడం నేర్చుకుందామని రెండుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లూ దవడ ఎముక కింద తెగింది, బుగ్గల మీద మంట సాయంత్రం దాకా తగ్గలేదు. కత్తి పదును మరీ ఎక్కువగా ఉన్నందువల్ల ఇలా జరిగిందా, ముందుగా బ్లేడు మార్చుకునే కత్తితో సాధన చేసి ఆ తర్వాత దీన్ని పట్టుకోవాలా అని అడిగారు.

నేను పర్లాకిమిడిలో క్షౌరశాల నడుపుతున్నాను. మా తాతగారూ, నాన్నగారూ చేసిన పనే ఇది. 1983లో, నా పదిహేడో ఏట, నాన్నగారి పొదిలోని, అంటే పనిముట్ల సంచిలోని కత్తిని మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. ఆ రోజు నుంచి ఇప్పటివరకు నా గడ్డాన్ని మరొక సాధనంతో గీసుకోలేదు. కాబట్టి మీ ప్రశ్నకు సూటిగానే జవాబు చెబుతాను. మీ కత్తికి పదును ఎక్కువ కాలేదు, తక్కువైంది. అది చాలక మీరు చేత్తో బరువు పెట్టారు. మంటకూ, కోతకూ ఆ బరువే కారణం. పదునైన కత్తి తన బరువుతోనే వెంట్రుకను కోస్తుంది. పదును లేని కత్తి వెంట్రుకను పట్టి లాగుతుంది, లాగినప్పుడు మనిషి తెలియకుండానే నొక్కుతాడు, నొక్కిన చోట చర్మం ఉబ్బి వాదరకు, అంటే పదునైన అంచుకు, ఎదురొస్తుంది. ఇకపై నేను చెప్పబోయేదంతా చేతి బరువును ఎలా తీసేయాలన్న విషయమే.

ముందు కత్తిని పరీక్షించండి. పగటి వెలుతురులో కాక, రాత్రి ఒకే దీపం కింద కూర్చుని, వాదర మీ కళ్ళవైపు ఉండేట్టు పట్టుకుని నిదానంగా అటూ ఇటూ వంచండి. సరైన వాదర కనిపించదు, ఎందుకంటే వెలుగు వాలడానికి దానిమీద చోటు ఉండదు. ఎక్కడైనా సన్నని తెల్లని గీత మెరిస్తే అక్కడ వాదర మొద్దుబారిందని, చుక్కలా మెరిస్తే పంటిగాటు పడిందని అర్థం. ఏళ్ళ తరబడి పెట్టెలో పడి ఉన్న కత్తికి తుప్పు మరకలు ఉండడం సహజం. అలుగు మధ్యలో ఉన్న మచ్చల గురించి బెంగ అక్కరలేదు. అయితే తుప్పు గుంటలు వాదర దాకా పాకి ఉంటే, ఎంత నూరినా కొత్త గుంటలు బయటపడుతూనే ఉంటాయి. అలాంటి కత్తిని జ్ఞాపకంగా దాచుకోవాలే తప్ప ముఖం మీద పెట్టకూడదు. ఇక ముద్ర సంగతి. సోలింగెన్ అనే పేరును ఆ ఊళ్ళో తయారైన కత్తుల మీద తప్ప వేయకూడదని జర్మనీలో 1938లో చట్టమే చేశారు. అయినా పేరు చూసి నమ్మకండి, ఉక్కును చూసి నమ్మండి.

కత్తిని బాగు చేయించే ముందు ఒక హెచ్చరిక చేయాలి. సంతలోనో, వీధిలో సైకిలు మీద వచ్చేవాళ్ళలోనో, చక్రం తిప్పి కత్తులకు సాన పట్టేవారికి దీన్ని ఎంతమాత్రమూ ఇవ్వకండి. పని నేర్చుకున్న తొలి ఏడాదిలోనే నేను ఆ తప్పు చేశాను. నాన్నగారు ఊళ్ళో లేని రోజున, ఆయన వచ్చేసరికి కత్తి తళతళలాడాలని, సంతకు వచ్చిన ఒక సానవాడికి ఇచ్చాను. చక్రం మీద నిప్పురవ్వలు ఎగిశాయి. అర నిమిషంలో చేతికిచ్చాడు. చూస్తే, వాదర పొడవునా నెమలికంఠం రంగులో ఒక సన్నని నీలిచార ఉంది. అది అందంగా ఉందనే అనుకున్నాను. సాయంత్రం నాన్నగారు ఆ నీలాన్ని చూసి, ఏమీ అనకుండా కత్తిని మడిచి, గుడ్డలో చుట్టి, పొదిలో అడుగున పెట్టేశారు. ఆ నీలిరంగు వచ్చిందంటే ఉక్కు అంత వేడెక్కి, దాన్ని గట్టిపరచడానికి తయారీలో పోసిన నీరు దిగిపోయిందని అర్థం. అక్కడి ఉక్కు మెత్తబడుతుంది, ఇక పదును నిలవదు. అది మా తాతగారు వాడిన కత్తి. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, పనికి మాత్రం రాదు. మీ తాతగారి కత్తికి అలా జరగకూడదన్న ఆత్రంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ కత్తిని నూరవలసింది చదునైన రాతి మీద, నీళ్ళతో, చేత్తో మాత్రమే. అలుగును రాతి మీద పడుకోబెట్టినప్పుడు వెన్ను (వాదరకు ఎదురుగా ఉండే మందపాటి అంచు), వాదర రెండూ ఒకేసారి రాతిని తాకాలి. వెన్ను మందానికీ అలుగు వెడల్పుకీ ఉన్న లెక్కతోనే వాదర కోణాన్ని తయారు చేసినవారు నిర్ణయించి ఉంచారు. సాధారణంగా అది 16 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. వెన్నును ఎత్తి నూరితే ఆ లెక్క చెడుతుంది. మొద్దుబారిన కత్తికి 1000 గరుకు రాతితో మొదలుపెట్టి, 4000, 8000 మీదుగా 12000 దాకా వెళ్ళాలి (అంకె పెరిగేకొద్దీ రాయి నున్ననవుతుంది). వాదర ముందుకు నడుస్తూ ఉండాలి, చెయ్యి తేలికగా ఉండాలి. ఇది మీరు ఇప్పుడే నేర్చుకోవలసిన పని కాదు. గడ్డం గీసుకోవడమూ, నూరడమూ ఒకేసారి మొదలుపెడితే, మంట పుట్టినప్పుడు తప్పు చేతిదో కత్తిదో తెలియదు. రాతి మీద నూరడం తెలిసిన పాతకాలపు పనివారు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. పెద్దవయసు క్షురకులను అడగండి, చక్రం మీద కాదు, రాతి మీద అని రెండుసార్లు చెప్పి ఇవ్వండి. తిరిగి వచ్చాక, విడి వెంట్రుక ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని వాదర మీదికి దింపితే, లాగకుండానే తెగి పడాలి. పడకపోతే కత్తి ఇంకా సిద్ధం కాలేదన్నమాట.

కొమ్ము పిడి గురించి కూడా ఒక మాట చెప్పాలి. పాత కత్తిని శుద్ధి చేయాలని దాన్ని నీళ్ళలో మరిగించకండి, కొమ్ము ఒంకర తిరుగుతుంది. సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అలుగును స్పిరిట్‌తో తుడిస్తే చాలు. మా పర్లాకిమిడి కొమ్ముబొమ్మలకు పేరుపడిన ఊరు. నాన్నగారి కత్తి పిడి బీటలు వారినప్పుడు, కొంగల బొమ్మలు చేసే ఒక పనివారే గేదె కొమ్మును వేడి మీద సాపు చేసి కొత్త పిడి బిగించి ఇచ్చారు. కొమ్ము కూడా గోరులాంటిదే, ఎండితే పగులుతుంది, తడిలో నానితే ఉబ్బుతుంది, అప్పుడప్పుడు కాస్త నూనె రాస్తే వందేళ్ళు నిలుస్తుంది అని ఆయన చెప్పారు. ఆ పిడి ఇవాళ్టికీ చెక్కు చెదరలేదు.

ఇప్పుడు తోలుపట్టీ దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు కాబట్టి, మీ దగ్గర అది లేదనే అనుకుంటున్నాను. తోలుపట్టీ లేని కత్తి, తెడ్డు లేని పడవ. గడ్డం గీసిన ప్రతిసారీ వాదర కంటికి కనిపించనంత సూక్ష్మంగా వంగుతుంది. దాన్ని మళ్ళీ నిటారుగా నిలబెట్టేది తోలు. రెండున్నర మూడు అంగుళాల వెడల్పున్న పట్టీ తీసుకుని, ఒక కొసను కిటికీ ఊచకు కట్టి, రెండో కొసను ఎడమచేత్తో బిగించి పట్టుకోండి. పట్టీ వేలాడకూడదు. వేలాడితే తోలు వాదర చుట్టూ వంగి, దాన్ని గుండ్రంగా చేస్తుంది. రాతి మీద వాదర ముందు నడిస్తే, తోలు మీద వెన్ను ముందు నడుస్తుంది. కొసకు చేరాక కత్తిని పైకెత్తకుండా, వెన్ను మీదే పొర్లించి రెండోవైపుకు తిప్పాలి. ముందు వాదరను తిప్పినవాళ్ళు తోలునూ కోస్తారు, వాదరనూ పాడుచేస్తారు. కాబట్టి మొదటి వారం రోజులు కత్తి ముట్టుకోకుండా, పదును లేని బల్లచాకుతో ఈ పొర్లింపు ఒక్కటే సాధన చేయండి. వేగం అక్కరలేదు. మా అంగళ్ళలో పటపటమని వినిపించే ఆ చప్పుడు దశాబ్దాల పని చేసిన చేతిది, దాన్ని మొదటి రోజే అనుకరించిన వారి కత్తులను నేను ఎన్నో బాగు చేశాను. గుడ్డ పట్టీ ఉంటే దానిమీద 20 సార్లు, తర్వాత తోలు మీద 50 సార్లు, ప్రతిసారీ గడ్డం గీసుకునే ముందు తిప్పండి. బరువు ఎంత పెట్టాలంటే, కత్తి తోలును వదలకుండా ఉండడానికి ఎంత కావాలో అంతే.

కత్తి సిద్ధమైంది. ఇక ముఖం. స్నానం చేసిన వెంటనే గీసుకోవడం మంచిది. లేకపోతే వేడినీళ్ళలో పిండిన తువ్వాలును రెండు మూడు నిమిషాలు గడ్డం మీద కప్పి ఉంచండి. నీళ్ళు పీల్చుకున్న వెంట్రుక మెత్తబడి, చాలా తక్కువ బలానికే తెగుతుంది. నురుగు గాలిబుడగల్లా తేలికగా ఉండకూడదు, చిలికిన గడ్డపెరుగులా, బ్రష్ ఎత్తితే నెమ్మదిగా జారేట్టు ఉండాలి. గొట్టం నొక్కితే వచ్చే డబ్బా నురుగు ఈ కత్తికి సరిపోదు, అందులో తడి తక్కువ. బరంపురం బజారులో దొరికే మామూలు షేవింగ్ సబ్బు, ఒక బ్రష్ చాలు.

గీయడానికి ముందు, రెండు రోజులు గడ్డం పెంచి, వేళ్ళతో తడిమి, వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయో చూసుకోండి. వేలు ఏ దిక్కున నడిస్తే నున్నగా ఉంటుందో అది వాలు, ఏ దిక్కున నడిస్తే గరుకు తగులుతుందో అది ఎదురు. బుగ్గల మీద దాదాపు అందరికీ పైనుంచి కిందికే వాలుతుంది. మెడ మీద మాత్రం మనిషికో తీరు. కొందరికి కింది నుంచి పైకి, కొందరికి పక్కకు, కొందరికి కంఠం దగ్గర సుడి తిరిగి ఉంటుంది. కాగితం మీద ముఖం బొమ్మ గీసి బాణాలు వేసుకోండి. మీకు రెండుసార్లూ దవడ కిందే తెగింది కదా, అక్కడ మీ వెంట్రుకలు పైకి వాలి ఉండవచ్చు. మీరేమో అలవాటు ప్రకారం పైనుంచి కిందికి గీశారు, అంటే తెలియకుండా ఎదురు గీశారు. అదీగాక దవడ ఎముక గట్టులాంటిది. కత్తి గట్టు దాటుతూ ఉండగా వాదర కోణం హఠాత్తుగా మారిపోతుంది, చర్మం వదులుగా ఉంటే ఆ క్షణంలోనే తెగుతుంది.

దీనికి మందు కత్తి పట్టని చేతిలో ఉంది. ఈ పనిలో నేను అన్నింటికంటే ముఖ్యంగా భావించేది ఇదే కాబట్టి, ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను. నాన్నగారు నాకు పని నేర్పినప్పుడు, నెల రోజులపాటు నా కుడిచేతికి కత్తి ఇవ్వలేదు. ఆయన గడ్డం గీస్తూ ఉంటే, నేను పక్కన నిలబడి, కూర్చున్నవారి చర్మాన్ని ఎడమచేత్తో ఎక్కడ పట్టి ఎటు లాగాలో చూసి, ఇంటికి వెళ్ళి నా ముఖం మీద అలాగే లాగి చూసుకోవాలి. చర్మం డోలు మీది తోలులా బిగిసి ఉంటే, వెంట్రుక కుదుళ్ళు పైకి లేచి నిలబడతాయి, కత్తి నున్నగా జారుతుంది, నొక్కవలసిన అవసరమే రాదు. చర్మం వదులుగా ఉంటే, ఎంత నేర్పున్న కుడిచేయి అయినా మడతను కోస్తుంది. నురుగంటిన వేళ్ళు జారతాయి కనుక, లాగే వేళ్ళను పొడిగుడ్డతో తుడుచుకోండి, లేదా వేళ్ళకు కాస్త పటిక రాసుకోండి, పట్టు దొరుకుతుంది.

బుగ్గకు చెవి ముందు చర్మాన్ని పైకీ వెనక్కీ లాగాలి. దవడ గట్టు కోసం ఒక కిటుకు ఉంది. బుగ్గ చర్మాన్ని పైకి ఎంత లాగుతారంటే, దవడ కింద ఉన్న చర్మం గట్టు మీదుగా జరిగి, బుగ్గ ఎముక పక్కన చదునైన చోటికి రావాలి. అప్పుడు గట్టు మీద గీయనక్కరలేదు, గట్టు కింది గడ్డాన్ని మైదానంలో గీస్తున్నట్టే ఉంటుంది. మెడకైతే తల కాస్త పైకెత్తి, మెడ మొదట్లో చర్మాన్ని కిందికి లాగి పట్టాలి. మరీ వెనక్కి వాలితే కంఠమణి పొడుచుకొస్తుంది. మింగుతున్నట్టు చేసి, కంఠమణి పక్కకు చర్మాన్ని జరిపి గీయండి.

కత్తిని పట్టుకోవడం సులువే. పిడిని విప్పి అలుగుతో లంబంగా నిలబెట్టి, అలుగు మెడ (అలుగుకూ పిడికీ మధ్య ఉన్న సన్నని భాగం) మీద మూడు వేళ్ళు పైన, బొటనవేలు కింద, చిటికెనవేలు తోక (కీలు దాటి వెనక్కి వచ్చే కొస) మీద ఆనించండి. వాదరను ముందుగా చర్మం మీద పూర్తిగా పడుకోబెట్టి, వెన్నును కొద్దిగా ఎత్తండి. చర్మానికీ అలుగుకూ మధ్య 30 డిగ్రీలకు మించకూడదు, వెన్ను మందానికి రెండింతల ఎడం ఉంటే సరిపోతుంది. ఎక్కువ ఎత్తితే వాదర తవ్వుతుంది, తక్కువైతే వెంట్రుకను లాగుతుంది. గీత అంగుళం మించకుండా, చిన్నగా, ఆగకుండా సాగాలి. కత్తిని వాదర పొడవునా పక్కకు జరపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. నొక్కినా తెగని చర్మం పక్కకు జరిపితే వెంటనే తెగుతుంది, కూరగాయలు కోసేటప్పుడు మనం చేసేది అదే కదా. సరిగ్గా గీస్తున్నప్పుడు ఎండుగడ్డి మీద నడిచినట్టు సన్నని చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగిపోయి చర్మం లాగినట్టు అనిపిస్తే, అక్కడే ఆగండి.

మొదటి రోజే ముఖమంతా గీయాలని పూనుకోవడమే చాలామంది విసిగి మానేయడానికి కారణం. గీయడం మొదలుపెట్టిన మొదటి వారం రెండు బుగ్గలే, అది కూడా చెవి పక్క నుంచి దవడకు రెండు వేళ్ళ పైదాకా. మిగతాది మీరు రోజూ వాడే రేజరుతో పూర్తి చేయండి. రెండో వారం దవడ గట్టు, మూడో వారం మెడ, గడ్డం కొన, పైపెదవి చివరికి. పైపెదవిని పైపళ్ళ మీదికి బిగించి, ముక్కు కొనను వేలితో పైకెత్తి, పైనుంచి కిందికి చిన్నచిన్న గీతలు గీయాలి. ఎదురు గీయడం మొదటి రెండు నెలలు పూర్తిగా మరచిపోండి. చుట్టలు తిరిగే గడ్డం ఉన్నవారు ఎప్పటికీ ఎదురు గీయకపోవడమే మేలు, వెంట్రుక చర్మం లోపలికే మొలిచి పొక్కులు వస్తాయి. కుడి బుగ్గను కుడిచేత్తో, ఎడమ బుగ్గను ఎడమచేత్తో గీయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. ఎడమచేయి ఇప్పుడు వణికినా నెలలో కుదురుకుంటుంది. కుడిచేత్తోనే రెండు బుగ్గలూ గీయాలంటే మీ మోచేయే అద్దాన్ని కప్పేస్తుంది.

బ్లేడు మార్చుకునే కత్తి గురించి అడిగారు. 1986లో మద్రాసులో ఎయిడ్స్ రోగాన్ని కలిగించే క్రిమిని మన దేశంలో తొలిసారి గుర్తించాక, ఆ తర్వాతి ఏళ్ళలో మా అంగళ్ళన్నీ క్రమంగా దానికి మారాయి. మారవలసిందే. ఒకరి రక్తం తగిలిన కత్తి మరొకరికి తగిలితే ఆ క్రిమే కాక, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి కూడా సోకవచ్చు. నా అంగడిలో ప్రతి మనిషికీ కొత్త బ్లేడు విరిచి బిగిస్తాను, పాత కత్తి నా ఒక్కడి గడ్డానికే. మీ కత్తి కూడా మీ ఒక్కరిదే కావాలి, అన్నదమ్ములకు సైతం ఇవ్వకండి. అయితే ఒకటి నేర్చుకోవడానికి రెండోది మెట్టు కాదు. బ్లేడు కత్తి తేలిక, వాదర సన్నం, అలుగు వంగదు. చిన్న తప్పును కూడా క్షమించదు. పాత కత్తికి బరువుంది, ఆ బరువే చేతికి దారి చూపుతుంది. తోలుపట్టీ, నూనె, నూరుడు వంటి పనులకు సమయం లేదనుకుంటే బ్లేడు కత్తే శాశ్వతంగా వాడుకోండి, తప్పులేదు. తాతగారి కత్తే కావాలంటే మాత్రం దానితోనే మొదలుపెట్టండి. మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా రెండింటిలో దేన్నీ పట్టుకోకూడదు. మొటిమలు ఉన్న రోజుల్లో ఆ చోటును వదిలేయండి.

పని అయ్యాక కత్తిని నీళ్ళలో కడిగి, మెత్తటి గుడ్డతో వెన్ను వైపు నుంచి వాదర వైపు తుడిచి, ఒక గంట విప్పి ఉంచాలి. వానాకాలంలో మన వైపు గాలిలో ఉన్న తడికి కార్బన్ ఉక్కు ఒక్క రాత్రిలోనే ఎర్రబారుతుంది. కొబ్బరినూనె రాయకండి, చలికాలంలో గడ్డకట్టి పిడి సందులో చేరుతుంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు. స్నానాల గదిలో మాత్రం ఉంచవద్దు.

చివరగా ముఖాన్ని చన్నీళ్ళతో కడిగి, పటికముక్కను తడిపి అంతటా నెమ్మదిగా రుద్దండి. చిన్న కోతల నెత్తురును అది ఆపుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఎక్కడ బరువు పెట్టారో అక్కడ చురుక్కుమని మండుతుంది, పెట్టని చోట చల్లగా ఊరుకుంటుంది. బాణాలు వేసుకున్న ఆ కాగితం మీదే, మండిన చోట రోజూ ఒక చుక్క పెట్టండి. నెల రోజుల తర్వాత చుక్కలు ఎక్కడ గుమికూడాయో రాసి పంపితే, ఆ చోట ఎడమచేయి ఎటు లాగాలో చెబుతాను.